కరుణకు కన్నులిచ్చిన ఫ్లారెన్స్ నైటింగేల్

కష్టంలో ఉన్న ప్రాణిని చూచి మనసు కరగడం మానవ సహజం. కరిగిన మనసుతో ఆ కష్టానికి మూలమేమిటో వెదకి, దానిని తొలగించేదాకా విశ్రమించకపోవడం మాత్రం అరుదు. అటువంటి అరుదైన కోవకు చెందిన మహిళ ఫ్లారెన్స్ నైటింగేల్. రాత్రివేళ దీపం చేతబట్టి క్షతగాత్రుల మధ్య సంచరించే మూర్తిగా ఆమె మన పాఠ్యపుస్తకాల ద్వారా అందరికీ పరిచితురాలే. అయితే ఆమె ఆ దీపంతో తిరిగిన కాలం రెండేళ్ళకు లోపే. జీవించిన కాలం తొంభై ఏళ్ళు. మిగిలిన సంవత్సరాలలో ఆమె సాధించినదేమిటో, ఆ కృషికీ మన దేశానికీ, అందునా మన గంజాం సీమకూ గోదావరి మండలానికీ గల సంబంధమేమిటో ఎరిగినవారు తక్కువ. ఇన్ని తరాల పిల్లలకు విద్యాదానం చేసిన మన పాఠశాల ప్లాటినం జూబిలీ సంచికలో ఆ పుణ్యచరిత్రను స్మరించుకోవడం సముచితం.

బాల్యం – ప్రకృతి ఒడి

1820 మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో ఆమె జన్మించింది. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్, తల్లి ఫ్రాన్సెస్ ఇంగ్లండులో సంపన్న కుటుంబీకులు. వివాహానంతరం వారు యూరప్ ఖండంలో పర్యటిస్తున్న కాలమది. మొదటి కుమార్తె నేపుల్స్‌లో పుట్టినందున ఆ నగరపు ప్రాచీన నామమైన పార్థినోపీ అనే పేరును, రెండవ కుమార్తెకు ఆమె పుట్టిన ఊరి పేరునే పెట్టుకున్నారు. అంతకు మునుపు ఆడపిల్లలకు అంతగా వాడుకలో లేని ఫ్లారెన్స్ అనే పేరు, ఈ రెండవ బిడ్డ కీర్తివల్ల తరువాతి కాలంలో ఇంటింటి పేరయింది.

కుటుంబం స్వదేశం చేరిన తరువాత వేసవిలో డెర్బీషైర్ కొండల నడుమనున్న లీ హర్స్ట్ అనే ఇంటిలోను, తక్కిన కాలంలో హాంప్‌షైర్‌లోని ఎంబ్లీ పార్క్ అనే భవనంలోను నివసించేది. కొండలు, వాగులు, తోటలు, పశుపక్ష్యాదులే ఆ బాలికకు తొలి నేస్తాలు. పూలు కోసి ఆనందించడంతో ఆమె తృప్తిపడలేదు. వాటి పేర్లు తెలుసుకొనేది. గవ్వలను సేకరించి, వరుసలుగా పట్టిక వేసుకొనేది. ప్రకృతిని ప్రేమించడం, చూచినదానిని క్రమంగా లెక్క వ్రాసుకోవడం అనే రెండు గుణాలూ ఆమెలో పసితనం నుండే జంటగా పెరిగాయి. ఆమె జీవితాన్ని అర్థం చేసుకోవడానికి ఈ జంట గుణాలే తాళపుచెవి.

ఆమె యౌవన ప్రారంభాన్ని గురించి ఒక కథ చెప్పుకుంటారు. రోజర్ అనే ముసలి గొర్రెల కాపరికి క్యాప్ అనే కుక్క ఉండేది. అల్లరి పిల్లలు రాయి విసరగా దాని కాలికి దెబ్బ తగిలింది. కాలు విరిగిందని తలచి, కుక్కను పోషించే స్తోమత లేక, ఆ కాపరి దానిని ఉరివేసి చంపడానికి సిద్ధపడ్డాడు. దారిన పోతున్న ఫ్లారెన్స్ ఆ సంగతి విని, తన వెంట ఉన్న మతగురువుతో కలసి కుక్కను పరీక్షించింది. ఎముక విరగలేదు, కాలు వాచిందంతే. వేడినీటి గుడ్డలతో కాపడం పెట్టగా వాపు తగ్గి, కుక్క మళ్ళీ మందవెంట నడిచింది. ఈ కథలో జాలికంటె గమనించదగినది మరొకటి ఉన్నది. విరిగిందని అందరూ నమ్మిన కాలిని ఆమె ముందుగా తాకి చూచింది.

తండ్రి విద్యావంతుడు. కుమార్తెలిద్దరికీ గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రాన్ని స్వయంగా బోధించాడు. ఆడపిల్లకు అంత చదువు చెప్పించడమే ఆనాడు వింత. ఫ్లారెన్స్ అది చాలదని గణితశాస్త్రం కూడా కోరి నేర్చుకున్నది.

సంకెళ్ళు తెంచుకొన్న సంకల్పం

1837 ఫిబ్రవరి 7న, పదహారేళ్ళ వయసులో, భగవంతుడు తనను సేవకు పిలిచినట్లు ఆమెకు అనుభూతి కలిగింది. ఆ సేవ ఏ రూపంలో చేయాలో తేలడానికి మరి కొన్నేళ్ళు పట్టింది. చివరకు రోగుల పరిచర్యే తన మార్గమని నిశ్చయించుకొని, సమీపంలోని సాలిస్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకొంటానని తల్లిదండ్రులను కోరింది. ఇల్లంతా అల్లకల్లోలమయింది. ఆనాటి ఆసుపత్రులు దుర్గంధ నిలయాలు. శిక్షణ లేని, మద్యపానానికి అలవాటుపడిన స్త్రీలకే ఆ ఉద్యోగమని సమాజంలో అపవాదు. కులీన కుటుంబపు కన్య అక్కడ అడుగుపెట్టడం తలవంపులని తల్లి, అక్క కన్నీరు పెట్టుకున్నారు. ఆమె ఊరుకుంది గాని తన పట్టు విడువలేదు. ఇల్లు మేలుకోకముందే లేచి, వివిధ దేశాల ఆసుపత్రులను గూర్చిన ప్రభుత్వ నివేదికలను చదివి, అంశాలవారీగా వ్రాసిపెట్టుకొనేది. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అనే యోగ్యుడు వివాహమాడ కోరగా, చాలాకాలం మథనపడి, 1849లో ఆ సంబంధాన్నీ కాదన్నది.

1850లో గ్రీసు యాత్రలో ఉండగా, ఏథెన్సు నగరంలోని పార్థినాన్ ఆలయం దగ్గర గూటినుండి జారిపడిన గుడ్లగూబ పిల్లను కొందరు కుర్రవాళ్ళు హింసిస్తుండటం ఆమె చూచింది. వారినుండి దానిని విడిపించి, జ్ఞానదేవత పేర ఎథీనా అని పిలుచుకొని ఇంగ్లండు తీసుకొనివచ్చింది. మనవారు అపశకునమని తరిమే పక్షి, ఆమె చొక్కాజేబులో కూర్చొని ఇల్లంతా తిరిగింది.

1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్ అనే చోట ఒక క్రైస్తవ సేవాసంస్థలో మూడు నెలలపాటు శిక్షణ పొందడానికి ఎట్టకేలకు అనుమతి లభించింది. 1853లో లండను హార్లే వీధిలో పేద గౌరవ మహిళల ఆసుపత్రికి పర్యవేక్షకురాలయింది. అప్పటికి ఆమె వయసు ముప్పదిమూడు. కోరిన పనిలో అడుగుపెట్టడానికే పదహారేళ్ళు పోరాడవలసివచ్చింది.

స్కుటారి

1854లో క్రిమియా యుద్ధం వచ్చింది. బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీలు ఒక పక్షం, రష్యా మరొక పక్షం. గాయపడిన బ్రిటిష్ సైనికులు వైద్యం లేక అల్లాడుతున్నారని టైమ్స్ పత్రికలో వార్తలు వెలువడగానే దేశమంతా కలవరపడింది. యుద్ధశాఖ మంత్రి, ఆమె మిత్రుడు అయిన సిడ్నీ హెర్బర్ట్ కోరికపై 38 మంది నర్సులను వెంటబెట్టుకొని అక్టోబరు 21న ఆమె బయలుదేరింది. ప్రయాణపు హడావుడిలో ఎథీనా ఆలన చూచేవారు లేక మరణించింది. అంతటి మహత్కార్యానికి వెడుతున్న ఆ ధీరవనిత ఆ చిన్న పక్షి కోసం కన్నీరు కార్చింది.

ఇస్తాంబుల్ నగరానికి ఎదురుగా సముద్రపుటొడ్డున ఉన్న స్కుటారిలో ఒక పెద్ద సైనిక బారకాసును ఆసుపత్రిగా మార్చారు. మైళ్ళకొద్దీ వరండాలలో నేలమీదనే రోగులు. పూడుకుపోయిన మురుగుకాలువలమీద ఆ కట్టడం నిలిచి ఉంది. ఎలుకలు, పేలు, దుర్వాసన. సబ్బు లేదు, తువాలు లేదు, మార్చుకోను చొక్కా లేదు. కొత్తగా వచ్చిన స్త్రీలను సైనిక వైద్యులు మొదట వార్డులలోనికి రానీయలేదు. ఆమె తొందరపడలేదు. గాయపడినవారు వందలకొద్దీ వచ్చిపడి, వైద్యులకు ఊపిరి సలపని స్థితి రాగానే పిలుపు వచ్చింది. అప్పటినుండి దాతలిచ్చిన సొమ్ముతో బట్టలు, పాత్రలు, బ్రష్షులు కొనిపించింది. పథ్యం వండే వంటశాలలు, వేడినీటితో బట్టలుతికే ఏర్పాటు ఆమె చేయించినవే. పగలంతా ఈ పనులు, లేఖలు. రాత్రి అందరూ నిద్రించిన తరువాత టర్కీ లాంతరు పట్టుకొని పడకపడకకూ వెళ్ళి చూచేది. మరణించిన సైనికుల తల్లులకు, భార్యలకు తానే ఉత్తరాలు వ్రాసేది.

ఇంత చేసినా మరణాలు ఆగలేదు. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలో నూటికి నలభైమందికి పైగా మరణించారు. ఆ మార్చి నెలలో లండను నుండి పారిశుద్ధ్య సంఘం వచ్చి, మురుగుకాలువలు శుభ్రపరచి, నీటిమార్గాన్ని బాగుచేసి, గదులలోనికి గాలి వచ్చేటట్లు చేసింది. జూను నాటికి మరణాలు నూటికి రెండు ప్రాంతానికి దిగిపోయాయి.

ఈ అంకెల అర్థం ఆమెకు అప్పుడే పూర్తిగా బోధపడలేదు. ఆకలి, అలసట, ఆలస్యంగా ఆసుపత్రికి చేరడం వల్లనే సైనికులు చనిపోయారని అనుకున్నది. 1856 ఆగస్టులో ఆర్భాటం లేకుండా స్వదేశం చేరిన తరువాత, విలియం ఫార్ అనే గణాంకశాస్త్రవేత్తతో కలసి లెక్కలన్నీ విప్పి చూచినప్పుడు సత్యం బయటపడింది. శత్రువుల గుండ్లకంటె ఎన్నో రెట్లమందిని చంపినవి నివారించదగిన వ్యాధులు. తాను రాత్రింబగళ్ళు శ్రమించిన ఆసుపత్రి కట్టడమే, దాని గాలీ నీరూ మురుగే, ఎందరినో బలితీసుకున్నాయి. దేశమంతా తనను దేవతగా కీర్తిస్తున్న వేళ ఈ సత్యాన్ని మరుగుపరచడం ఆమెకు చాలా సులభం. ఆమె ఆ పని చేయలేదు. చనిపోయినవారి సంఖ్యలను నెలనెలకూ విభజించి, రంగురంగుల రేకులు గల పువ్వువలె కనిపించే పటంగా గీసి, 1858లో అధికారుల ఎదుట, ప్రజల ఎదుట ఉంచింది. లండను గణాంకశాస్త్ర సంఘానికి ఎన్నికైన మొదటి మహిళ ఆమెయే. మెత్తని చేయి ఒక్కటే చాలదని, ఆ చేతికి చూచే కన్ను తోడు కావాలని లోకానికి ఆమె నేర్పిన పాఠం ఇక్కడినుండే ఆరంభమయింది.

పడకగది నుండి ప్రపంచానికి

1855 మేలో బాలక్లావా వద్ద ఆమెకు సోకిన తీవ్ర జ్వరం జీవితాంతం వెంటాడింది. 1857 తరువాత చాలా ఏళ్ళు ఆమె పడకకు అంటిపెట్టుకొనే ఉన్నది. అయినా ఆ మంచమే ఆమె కార్యాలయం. మంత్రులు, వైద్యులు, ఇంజనీర్లు అక్కడికే వచ్చేవారు. ఆమె వ్రాసిన లేఖలు వేలకొలది. ప్రజలు కృతజ్ఞతతో చందాలు వేసి కూర్చిన సుమారు 45,000 పౌన్ల నిధితో 1860 జులై 9న లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం ప్రారంభమయింది. నిన్నటిదాకా చులకనగా చూడబడిన ఉద్యోగం చదువు, క్రమశిక్షణ, గౌరవం గల వృత్తిగా మారింది. అక్కడ తయారైన నర్సులు అనేక దేశాలకు వెళ్ళి పాఠశాలలు నెలకొల్పారు.

ఆ కాలంలోనే ఆమె రచించిన నోట్స్ ఆన్ నర్సింగ్ అనే చిన్న పుస్తకం ఇల్లాళ్ళ కోసం వ్రాసినది. రోగాన్ని నయంచేసేది ప్రకృతి, ఆ ప్రకృతి తన పని తాను చేసుకొనేందుకు అనువైన స్థితిలో రోగిని ఉంచడమే పరిచర్య అన్నది ఆ గ్రంథసారం. స్వచ్ఛమైన గాలి, దాని తరువాత వెలుతురు, శుభ్రమైన నీరు, నిశ్శబ్దం, తగిన ఆహారం, ఇవే ఆమె చెప్పిన మందులు. కిటికీలోనుండి ఆకాశం కనబడాలని, పూలరంగులు చూచిన రోగికి కలిగే హాయి శరీరానికి కూడా మేలు చేస్తుందని వ్రాసింది. తాను జ్వరంతో పడి ఉన్నప్పుడు ఎవరో పంపిన అడవిపూల గుత్తి చూచిన క్షణంనుండి త్వరగా కోలుకోసాగానని అందులో జ్ఞాపకం చేసుకున్నది. దీర్ఘరోగులకు ఒక చిన్న పెంపుడు జంతువు మంచి తోడని కూడా సూచించింది. తన గదిలో ఆమె పెంచిన పిల్లులు ఎన్నో. వాటిలో ఒకదానికి జర్మనీ ప్రధాని బిస్మార్క్ పేరు పెట్టింది.

వ్యాధులు సూక్ష్మక్రిములవల్ల ఒకరినుండి మరొకరికి సోకుతాయనే సిద్ధాంతాన్ని అంగీకరించడానికి ఆమె చాలాకాలం తటపటాయించిన మాట నిజమే. సాక్ష్యాలు బలపడిన తరువాత క్రమంగా ఒప్పుకున్నది. సిద్ధాంతంలో వెనుకబడినా, ఆమె చెప్పిన శుభ్రత మాత్రం ఆ క్రిములకే శత్రువయింది.

చూడని దేశం కోసం

భారతదేశానికి ఆమె ఎన్నడూ రాలేదు. అయినా దాదాపు నలభై ఏళ్ళు మన దేశం ఆమె మనసును వీడలేదు. ఇక్కడి బ్రిటిష్ సైన్యం ఆరోగ్యాన్ని విచారించడానికి 1859లో నియమితమైన రాయల్ కమిషన్ కోసం, ప్రతి సైనిక స్థావరానికీ ప్రశ్నావళులు పంపించి, వచ్చిన సమాధానాల గుట్టలను తానే పరిశీలించింది. ఏటా వెయ్యిమందిలో 69 మంది సైనికులు మరణిస్తున్నారని 1863 నాటి నివేదిక తేల్చింది. తాగేనీరు మురికి, మురుగుకు దారిలేదు, నివాసాలు ఇరుకు. చుట్టుపక్కల గ్రామాలు, పట్టణాలు బాగుపడనిదే సైనికుల ఆరోగ్యం మాత్రమే బాగుపడదని ఆమె వాదించింది. 1864లో బెంగాలు, మద్రాసు, బొంబాయి రాజధానులలో పారిశుద్ధ్య సంఘాలు ఏర్పడ్డాయి. పదేళ్ళలో ఆ మరణాల సంఖ్య వెయ్యికి 18కి తగ్గిందని 1873లో ఆమె లెక్కచూపింది.

అటుపిమ్మట ఆమె దృష్టి సైన్యాన్ని దాటి రైతు గుడిసె వరకు వచ్చింది. 1866లో ఒరిస్సాను కరవు కబళించి, సుమారు పది లక్షలమంది ప్రాణాలు తీసింది. అప్పుడు మద్రాసు రాజధానిలో భాగమైన మన గంజాం జిల్లా కూడా ఆ కరవు వాత పడింది. పదేళ్ళ తరువాత, 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో వచ్చిన మహాక్షామం మరింత భయంకరమైనది. కరవు విధివిలాసమని సరిపెట్టుకోవడం ఆమెకు చేతకాలేదు. స్కుటారిలో మరణాలకు మూలం వెదకినట్లే ఇక్కడా వెదకింది. పొలానికి నీరు లేకపోవడం, ధాన్యం చేరవేయడానికి మార్గం లేకపోవడం, వడ్డీవ్యాపారి పట్టులో రైతు నలిగిపోవడం ఆమె కంటికి కనిపించాయి.

ఈ సందర్భంలోనే గోదావరికి ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్ కాటన్ ఆమెకు ఆప్తమిత్రుడయినాడు. ధవళేశ్వరం వద్ద 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట, కరవుసీమను పచ్చని మాగాణిగా మార్చిన సంగతి తెలుగువారందరికీ తెలిసినదే. సాగునీటికీ, పడవల రాకపోకలకూ పనికివచ్చే కాలువలు దేశమంతటా త్రవ్వాలన్న కాటన్ వాదాన్ని ఆమె తన కలంతో బలపరచింది. నీటిపారుదలయే ప్రజల చావుబ్రతుకులను నిర్ణయిస్తుందని 1874లో ప్రత్యేకంగా వ్రాసింది. నీటిపారుదల పనుల ఖర్చు, రాబడి లెక్కలు సక్రమంగా తయారుచేయించమని మంత్రులను పలుమార్లు కోరింది. ప్రభుత్వం కాటన్ కోరినంత చేయలేదు. అయినా మన ఋషికుల్య కాలువలు, చెరువులు ఆ శతాబ్దం చివరిభాగంలో రూపొందిన కథలో, కరవుకు నీరే విరుగుడు అని ఆనాడు వినిపించిన గొంతులను మరువరాదు. ఆ గొంతులలో దూరాన లండనులో మంచంమీద ఉన్న ఒక స్త్రీ గొంతు కూడా ఉన్నది.

భారతీయులు తమ పాలనలో తామే భాగస్వాములు కావాలన్న రిప్పన్ ప్రభువు సంస్కరణలను ఆమె సమర్థించింది. పూనా సార్వజనిక సభతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపింది. దాదాభాయి నౌరోజీ ఇంగ్లండు పార్లమెంటుకు పోటీచేసినప్పుడు అండగా నిలిచింది. డెబ్బయ్యో పడిలో కూడా గ్రామ పారిశుద్ధ్యాన్ని గురించి వ్యాసాలు వ్రాసింది. ఆజ్ఞలతో ఆరోగ్యం రాదని, శిక్షణ పొందిన స్త్రీలు ఇంటింటికీ వెళ్ళి తల్లులతో స్నేహంగా మాట్లాడి చెప్పాలని ఆమె అభిప్రాయం. నేడు మన పల్లెలలో తిరిగే ఆరోగ్య కార్యకర్తలను చూచినప్పుడు ఆ ఆలోచన ఎంత దూరదృష్టి గలదో తెలుస్తుంది.

అస్తమయం

వార్ధక్యంలో ఆమెకు చూపు పూర్తిగా మందగించింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అనే బిరుదు లభించింది. ఆ గౌరవం పొందిన మొదటి మహిళ ఆమెయే. 1910 ఆగస్టు 13న, తొంభయ్యవ ఏట, లండనులోని తన ఇంటిలో నిద్రలోనే ప్రశాంతంగా కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేయవచ్చునన్న ప్రభుత్వ ఆహ్వానాన్ని బంధువులు వినయంతో కాదన్నారు. తాను బాల్యంలో పూలు ఏరుకున్న ఎంబ్లీ పార్క్ సమీపాన, ఈస్ట్ వెలో గ్రామ చర్చి ఆవరణలో, తల్లిదండ్రుల పక్కనే ఆమె విశ్రమిస్తున్నది. సమాధిరాతిపై ఆమె పూర్తి పేరు కూడా లేదు. పేరులోని రెండు తొలి అక్షరాలు, జనన మరణ వివరాలు మాత్రమే ఉన్నాయి.

ఆమె పుట్టినరోజు మే 12ను ప్రపంచమంతా నర్సుల దినోత్సవంగా జరుపుకుంటున్నది. మన ప్రభుత్వం 1973 నుండి ఆమె పేరిట ఉత్తమ నర్సులకు జాతీయ పురస్కారాలు ఇస్తున్నది. ఆమె ద్విశత జయంతి సంవత్సరమైన 2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల సంవత్సరంగా ముందే ప్రకటించింది. ఆ ఏడాదే కోవిడ్ మహమ్మారి లోకాన్ని చుట్టుముట్టింది. చేతులు కడుక్కోండి, కిటికీలు తెరవండి, లెక్కలు దాచకండి అని ఆనాడు అందరూ చెప్పినవి ఆమె నూటయాభై ఏళ్ళనాడు చెప్పిన మాటలే. ఆ కష్టకాలంలో మన ఆత్మీయులు ఎందరికో చివరి క్షణాలలో దగ్గర ఉన్నది నర్సులేనన్నది మరపురాని సత్యం.

తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఈ జీవితం ఒక విన్నపం చేస్తున్నది. జాలిపడే పిల్లను మెచ్చుకోవడం మంచిదే. దానితోపాటు ఎందుకు ఇట్లా జరిగిందని అడిగే పిల్లను విసుగుకోకుండా వినడం మరీ మంచిది. పువ్వు పేరు అడిగినా, బావినీటి రంగు ఎందుకు మారిందని అడిగినా, లెక్కలో తేడా చూపినా, ఆ ప్రశ్న వెనుక రేపటి ప్రాణదాత ఉండవచ్చు. తెల్లని దుస్తులు ధరించి ఊరూరా ఆసుపత్రులలో రాత్రిపాళీ చేస్తున్న మన ఆడపడుచులకు, ఆ వృత్తిలోనికి అడుగిడుతున్న మన అబ్బాయిలకు కూడా ఈ సంచిక ద్వారా నమస్కారాలు. వారి చేతిలోని దీపానికి చదువు చమురు పోయడం పాఠశాలల ధర్మం. ఆ ధర్మం మన బడిలో నిరంతరం కొనసాగుగాక.